ప్రతిప్రశ్న లేని జవాబు

వారపత్రిక చేతికందగానే చాలమంది పాఠకులు మొదట తెరచునది కథల పుట కాదు. సంపాదకీయము అంతకన్న కాదు. వారు వెదకునది ప్రశ్నలు–జవాబుల పుట. అందులోను మనస్సును గూర్చిన ప్రశ్నలకు మానసిక వైద్యులు జవాబులు చెప్పు పుట యనిన ఆసక్తి మెండు. పెద్దలు చూచుచున్నారేమో యని పుట మడిచి చదువు పిల్లలును, పిల్లలు చూచుచున్నారేమో యని చదివి దాచు పెద్దలును ఆ పుటకు సమానముగా అభిమానులే. "రాత్రులు నిద్ర పట్టడం లేదు", "నలుగురిలో నోరు పెగలదు", "చేతులు ఎన్నిసార్లు కడిగినా మురికి పోలేదనిపిస్తుంది" — ఇట్టి ఉత్తరములు ప్రతివారము వచ్చుచునే యున్నవి. వాటి క్రింద "ఒక సోదరి" అనియో, "పేరు చెప్పడం ఇష్టంలేని విద్యార్థి" అనియో సంతకము. ఆ సంతకము క్రింద అయిదారు పంక్తుల జవాబు.

కథలను, కవితలను తూచి విమర్శించువారు కలరు. ఈ జవాబులను తూచి చూచువారు అరుదు. కథ బాగులేనిచో పాఠకునకు ఒక గంట కాలము వృథా యగును. జవాబు బాగులేనిచో ఒక మనిషి చికిత్సకు దూరము కావచ్చును. లేదా లేని రోగము తనకున్నదని నమ్మి కుమిలిపోవచ్చును. కనుక ఈ శీర్షిక ఏ పని చేయగలదో, ఏ పని చేయజాలదో శాస్త్రదృష్టితో పరిశీలింపవలసి యున్నది.

శీర్షిక పుట్టుక

పేరు చెప్పకుండ పత్రికను ప్రశ్న అడుగు ఆచారము క్రొత్తది కాదు. 1691వ సంవత్సరములో లండను నగరమున జాన్ డంటన్ అను పుస్తక వ్యాపారి 'ఎథీనియన్ మెర్క్యురీ' అను పత్రికను ప్రారంభించెను. పాఠకులు తమ సందేహములను ఒక కాఫీ దుకాణపు చిరునామాకు పంపవచ్చును, పేరు వ్రాయనక్కరలేదు. ప్రకృతి శాస్త్రము, మతము, ప్రేమ, పెండ్లి — అన్నిటిపైనను ప్రశ్నలు వచ్చెడివి. జవాబులను పెద్ద పండిత పరిషత్తు ఒకటి సిద్ధము చేయుచున్నట్లు పత్రిక ప్రకటించెను. నిజమునకు ఆ పనిలో ముఖ్యులు డంటనుతో కలిపి ముగ్గురే: ఒక పుస్తక వ్యాపారి, రిచర్డ్ సాల్ట్ అను గణితజ్ఞుడు, శామ్యూల్ వెస్లీ అను మతాచార్యుడు. పత్రిక 1697 వరకు నడచినది. అడుగువాని పేరు దాచుట ఆ పత్రిక చేసిన మేలు. జవాబు చెప్పువారి యోగ్యత కూడ దాచుట అది చేసిన కీడు. నేటి శీర్షికలలో కొన్నిటికి ఈ రెండును వారసత్వముగా సంక్రమించినవి.

1906లో న్యూయార్కు నగరమున యిద్దిష్ భాషలో వెలువడు 'ఫోర్‌వర్ట్స్' పత్రికలో అబ్రహాం కాహాన్ 'ఉత్తరముల కట్ట' అను అర్థము వచ్చు పేరుతో ఒక శీర్షిక నారంభించెను. పరదేశమునకు వలస వచ్చిన యూదు శ్రామికులు తమ కష్టములను అందులో వ్రాసుకొనిరి. వ్రాయరానివారు ఇతరులచేత వ్రాయించి పంపిరి. జపానులో 'యోమియురి' దినపత్రిక 1914లో ఇట్టి శీర్షికను ప్రారంభించినది. తెలుగులో 'ఆంధ్రప్రభ' వారపత్రికలో మాలతీ చందూర్ 'ప్రమదావనం' శీర్షిక ద్వారా దశాబ్దముల తరబడి పాఠకుల ప్రశ్నలకు జవాబులు చెప్పిరి. ముంబయిలో మహీందర్ వత్స అను ప్రసూతి వైద్యుడు 2005 నుండి ఒక ఆంగ్ల దినపత్రికలో, ఇంటిలో ఎవరిని అడుగుటకును నోరు రాని ప్రశ్నలకు సూటిగా, హాస్యము చెడకుండ జవాబులు వ్రాసెను. ఆయన 2020లో 96 ఏండ్ల వయస్సున మరణించెను.

దేశములు వేరు, భాషలు వేరు, కాలములు వేరు. అయినను పత్రికకు ఉత్తరము వ్రాయు మనిషి మాత్రము ఒక్కడే: అడుగుటకు దగ్గరివారెవరును లేనివాడు, లేదా ఉండియు వారిని అడుగలేనివాడు.

ఒక బాలిక, 235 ఉత్తరములు

అడుగుటకు ఎవరును లేకపోవుట ఎంత ప్రమాదమో తెలుపు ఉదంత మొకటి కలదు. 1935 ప్రాంతమున ఇంగ్లండులో చాద్ వారా అను యువ మతాచార్యుడు తన వృత్తిలో తొలి అంత్యక్రియలు జరిపించెను. మరణించినది 14 ఏండ్ల బాలిక. ఆమెకు రజస్సు ప్రారంభమైనది. అది ఏమియో ఆమెకు ఎవరును చెప్పలేదు. అదియొక సిగ్గుపడవలసిన సుఖవ్యాధి యని భయపడి ఆమె ప్రాణము తీసికొనెను. రెండు వాక్యములలో చెప్పగలిగిన ఒక శరీరధర్మము తెలియకపోవుటచే ఒక ప్రాణము పోయినది.

వారా ఆ సంఘటనను మరువలేదు. 1952లో ఆయన 'పిక్చర్ పోస్ట్' అను సచిత్ర పత్రికలో లైంగిక విద్యను గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. దానికి 235 ఉత్తరములు వచ్చినవి. వాటిలో 14 ఉత్తరములు వ్రాసినవారు ఆత్మహత్య ఆలోచనలో ఉన్నట్లు ఆయనకు తోచినది. ఈ 14 ఉత్తరములను ఏమి చేయవలెను? పత్రికలో జవాబు వ్రాయుటకు పట్టు కాలములో ఏమైనను జరుగవచ్చును. 1953 నవంబరు 2వ తేదీన ఆయన లండనులోని తన చర్చిలో ఒక టెలిఫోనును ఏర్పాటు చేసి, ప్రాణము తీసికొన దలచినవారు ఎప్పుడైనను పిలువవచ్చునని ప్రకటించెను. 'సమారిటన్స్' అను సంస్థ అట్లు పుట్టినది.

అక్కడ మరియొక విశేషము కనబడినది. ఆయనతో మాట్లాడుటకు వచ్చినవారు తమ వంతు వచ్చువరకు బయట కూర్చుండెడివారు. సాయపడుటకు వచ్చిన స్వచ్ఛంద సేవకులు వారికి తేనీరిచ్చి, వారు చెప్పునది వినెడివారు. ఆ విధముగా తమ కథ చెప్పుకొన్నవారిలో పలువురు లోపలికి పోవలసిన అవసరము లేకయే తేలికపడిరి. వినువారు నిపుణులు కారు, ఉపదేశములు చేయలేదు. వారు ఎదురుగా ఉండిరి, తిరిగి ప్రశ్నించిరి, తొందరపడలేదు. పత్రికా శీర్షికకు లేనివి ఈ మూడే.

ఒక ఉత్తరము – దాని పరీక్ష

పై మాటను ఒక ఉదాహరణతో పరిశీలింపవచ్చును. ఈ క్రింది ఉత్తరము ఏ ఒక్కరిదియు కాదు; ఇట్టి శీర్షికలకు వచ్చు ఉత్తరముల పోలికతో కల్పించినది.

"నా వయసు 16. హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. మూడు నెలల నుంచి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. చదివింది గుర్తుండడం లేదు. గుండె దడదడలాడుతుంది. ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. నాకు పిచ్చి పడుతోందా? నాన్నగారికి తెలిస్తే చదువు మాన్పిస్తారు. దయచేసి జవాబివ్వండి."

దీనికి సాధారణముగా వచ్చు జవాబు ఇట్లుండును: "మీరు అనవసరంగా భయపడుతున్నారు. ఈ వయసులో ఇలాంటివి మామూలే. రోజూ ధ్యానం చేయండి. సానుకూలంగా ఆలోచించండి. పడుకునే ముందు గోరువెచ్చని పాలు తాగండి. అయినా తగ్గకపోతే డాక్టరును కలవండి."

ఈ జవాబులో అబద్ధము ఏదియు లేదు; అపకారము చేయవలెనను ఉద్దేశము అసలే లేదు. అయినను ఇది జవాబు కాదు. ఏలననగా ఉత్తరములోని నాలుగు లక్షణములకు కారణములు పెక్కు. పరీక్షల భయము కావచ్చును. డిప్రెషన్ అను దిగులు వ్యాధి కావచ్చును. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినను గుండె దడ, నిద్రలేమి, కంగారు కలుగును. రక్తహీనత యున్నను దడ, నీరసము, చదువుపై ధ్యాస నిలువకపోవుట కలుగును. యౌవనారంభమున శరీరములోని కాలసూచి సహజముగానే వెనుకకు జరుగును. నిద్ర తెప్పించు మెలటోనిన్ అను హార్మోను ఆలస్యముగా ఊరును. పదునారేండ్లవానికి రోజునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరము. రాత్రి పదకొండు వరకు నిద్ర రానివానిని వేకువ నాలుగు గంటలకు చదువుటకు లేపినచో మిగులునది అయిదు గంటలు. అప్పుడు రోగము పిల్లవానిది కాదు, కాలపట్టికది. ఇవేవియు కాక, వసతిగృహములో ఎవరైనను అతనిని హింసించుచుండవచ్చును.

ఎదుట కూర్చున్న వైద్యుడు ఏమి చేయును? జవాబు చెప్పడు, తిరిగి ప్రశ్నించును. నిద్ర పట్టుటయే లేదా, పట్టి వేకువనే మెలకువ వచ్చుచున్నదా? ఆకలి ఎట్లున్నది? బాగుగా తినుచున్నను బరువు తగ్గుచున్నదా? చేతులు వణకుచున్నవా? రోజునకు ఎన్నిసార్లు టీ త్రాగుదువు? ఇదివరకు ఇష్టమైన ఆటలు ఇప్పుడును ఇష్టమేనా? మూడు నెలల క్రిందట ఏమి జరిగినది? ఇంటిలో ఎవరికైనను ఇట్టి బాధ ఉన్నదా? చనిపోవలెనను ఆలోచన వచ్చినదా? ప్రశ్నించుచునే నాడి చూచును. కనురెప్ప దించి రక్తము చాలినంత యున్నదో లేదో గమనించును. మెడ క్రింది గ్రంథిని తాకి చూచును. అవసరమైనచో రక్తపరీక్ష వ్రాయును. ఒక్కొక్క ప్రతిప్రశ్నకు వచ్చు జవాబు పై కారణములలో కొన్నిటిని తొలగించును. రోగనిర్ణయ మనగా ఈ తొలగింపే.

దిగులు వ్యాధిని కనిపెట్టుటకు ప్రపంచమంతటను వాడుకలో నున్న ఒక ప్రశ్నావళి కలదు. 2001లో ప్రచురితమైన ఆ ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలున్నవి. గడచిన రెండు వారములలో ఒక్కొక్క బాధ ఎన్ని రోజులు కలిగినదో చెప్పవలెను. మొత్తము మార్కులు 0 నుండి 27 వరకు వచ్చును. 10గాని అంతకు పైన గాని వచ్చినచో శ్రద్ధగా పరీక్షింపవలెను. తొమ్మిదవ ప్రశ్న చావు ఆలోచనలను గూర్చినది. తొమ్మిది ప్రశ్నలడిగిన పిమ్మట కూడ అది జల్లెడ పట్టుట మాత్రమే గాని రోగనిర్ణయము కాదని శాస్త్రజ్ఞులు హెచ్చరింతురు. అట్టిచో ఒక్క ప్రశ్నయు అడుగకుండ అయిదు పంక్తులలో "ఇది మామూలే" అని చెప్పు ధైర్యము శీర్షికకు ఎక్కడనుండి వచ్చినది?

ఆ జవాబులో మరియొక లోపము కలదు. "నాన్నగారికి తెలిస్తే చదువు మాన్పిస్తారు" అను వాక్యమును అది చదువనే లేదు. ఉత్తరమంతటిలో అసలు ప్రశ్న అదియే. వైద్యుడు ఉన్నాడని ఆ పిల్లవానికి తెలియును. తండ్రికి తెలియకుండ, లేదా తెలిపి ఒప్పించి, వైద్యుని వద్దకు పోవుట యెట్లో తెలియదు. "తగ్గకపోతే డాక్టరును కలవండి" అనుట గోడకు తలుపున్నదని చెప్పి తాళపుచెవి ఇయ్యకపోవుట వంటిది.

అందరికిని సరిపోవు మాట

అయినను ఇట్టి జవాబులు పాఠకులకు నచ్చుచున్నవి. "అచ్చముగా నా సంగతియే వ్రాసినారు" అని ఎందరో సంతోషింతురు. ఈ సంతోషమునకు కారణమేమో 1948లో అమెరికాలో బెర్ట్రం ఫోరర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక చిన్న ప్రయోగముతో చూపెను. ఆయన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, వారము తరువాత ఒక్కొక్కరికి "ఇది నీ మనస్తత్వము" అని ఒక కాగిత మిచ్చెను. అది తమకు ఎంత సరిపోయినదో 5 మార్కులకు వేయుమని కోరెను. సగటున 4.26 మార్కులు వచ్చినవి. పిమ్మట తెలిసిన దేమన, అందరి కాగితము ఒక్కటే. అందులోని వాక్యములను ఆయన ఒక జాతక పుస్తకము నుండి ఏరి కూర్చెను.

"మీరు బయటకు ధైర్యంగా కనిపించినా లోపల సున్నితమైనవారు" అను వాక్యము ఎవరికి సరిపోదు? జవాబు తనకు సరిపోయినట్లు తోచినంత మాత్రమున అది నిజమని గాని, ఉపయోగకరమని గాని చెప్పరాదు. శీర్షిక ఎంత సామాన్యముగా మాట్లాడిన అంత ఎక్కువమందికి నచ్చును; అంత తక్కువమందికి ఉపయోగించును. పంచాంగమును కాదని వచ్చిన విజ్ఞానము పంచాంగపు భాషలో మాట్లాడుట తగదు.

దీనికి ఎదురైన దోషము కూడ కలదు. చూడకుండనే రోగము పేరు చెప్పుట. 1964లో అమెరికా అధ్యక్ష పదవికి బారీ గోల్డ్‌వాటర్ పోటీ చేయుచున్నప్పుడు 'ఫాక్ట్' అను పత్రిక 12,356 మంది మానసిక వైద్యులకు ఉత్తరములు వ్రాసి, ఆయన మనస్సు పదవికి తగినట్లున్నదా అని అడిగెను. 2,417 మంది జవాబు వ్రాసిరి. వారిలో 1,189 మంది తగడనిరి. వీరిలో పలువురు ఏవేవో రోగముల పేర్లు కూడ చెప్పిరి. గోల్డ్‌వాటర్ దావా వేసి గెలిచెను. 1973లో అమెరికా మానసిక వైద్యుల సంఘము, తాను స్వయముగా పరీక్షింపని ప్రముఖ వ్యక్తి మనస్సును గూర్చి వైద్యుడు వృత్తిపరమైన అభిప్రాయము బహిరంగముగా చెప్పరాదని నియమము చేసెను. అధ్యక్షునికి వర్తించు మర్యాద "ఒక సోదరి"కి కూడ వర్తింపవలెను. "మీ భర్తకు ఫలానా మానసిక రోగం ఉన్నట్లుంది" అని ఆ భర్తను ఎన్నడును చూడని వైద్యుడు అచ్చులో వ్రాయుట ఇదే దోషము.

మన దేశములో 2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య మార్గదర్శకములు కూడ ఈ విషయములో స్పష్టముగా నున్నవి. దూరమునుండి వైద్యము చేయవచ్చును. కాని రోగి ఎవరో వైద్యునకు, వైద్యుడు ఎవరో రోగికి తెలిసి యుండవలెను. పిల్లల విషయములో పెద్దలు వెంట నుండవలెను. పేరు లేని రోగికి వైద్యము లేదు. శీర్షికలో పేరు లేకపోవుటయే నియమము గనుక, శీర్షిక చేయునది ఎంత మాత్రము వైద్యము కాదు.

వ్రాయుటలోని మేలు

అట్లయిన ఈ ఉత్తరములు వ్రాయుట వ్యర్థమా? కాదు. వ్రాయుటలోనే కొంత మేలున్నదని చెప్పుటకు ఆధారము కలదు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అను శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగమును ప్రకటించిరి. 46 మంది కళాశాల విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజునకు 15 నిమిషములు వ్రాసిరి. కొందరు సామాన్య విషయములను గూర్చి, కొందరు తమ జీవితములోని దుఃఖకరమైన సంఘటనలను గూర్చి వ్రాసిరి. దుఃఖమును వ్రాసినవారికి అప్పటికి మనస్సు మరింత బరువెక్కినది. కాని జరిగినదానిని, దాని వలన తమకు కలిగిన భావములను కలిపి వ్రాసినవారు తరువాతి ఆరు నెలలలో కళాశాల వైద్యశాలకు తక్కువసార్లు పోయిరి. అటుపిమ్మట జరిగిన అనేక ప్రయోగములను కలిపి చూడగా ఫలితము స్వల్పమే యని తేలినది. స్వల్పమైనను ఖర్చు లేనిది.

ఇక్కడ గమనింపవలసిన దేమన, ఆ విద్యార్థులకు ఎవరును జవాబు వ్రాయలేదు. చెదరి యున్న బాధ వరుసగా మాటలలోనికి వచ్చుటయే మేలు చేసినది. పత్రికకు ఉత్తరము వ్రాసి, పంపకుండ పెట్టెలో దాచుకొన్నవానికి కూడ ఈ మేలు కలుగును.

శీర్షికకున్న రెండవ మేలు ఇంకను పెద్దది. ఒక్క ఉత్తరమును వేలమంది చదువుదురు. అందులో అదే బాధతో నుండియు వ్రాయనివారు ఎందరో యుందురు. చేతులు పదే పదే కడుగుకొను మనిషి తన బాధకు ఒక పేరున్నదని, చికిత్స ఉన్నదని, తాను ఒంటరి కాదని మొదటిసారి తెలిసికొనునది ఇట్టి పుటలోనే కావచ్చును. 1935 నాటి ఆ బాలికకు ఎవరైనను చెప్పవలసి యుండినవి రెండే వాక్యములు. వైద్యుడు అవసరము లేదు. ఒక పుట చాలియుండెడిది. కాబట్టి శీర్షికకు అసలు విద్యార్థి ఉత్తరము వ్రాసినవాడు కాదు, మౌనముగా చదువువాడు. శీర్షిక వైద్యశాల కాదు, తరగతి గది. ఈ కొలతతో చూచినప్పుడే దాని గుణదోషములు సరిగా కనబడును.

ముద్రితము కాని ఉత్తరములు

పత్రికలో వెలుగు చూచునవి కొన్ని ఉత్తరములే. తక్కినవి ఏమగుచున్నవి? వ్రాసినవాడు ప్రతివారము పత్రిక తెరచి చూచును. తన ఉత్తరము కనబడదు. తన బాధ జవాబు చెప్పదగినది కూడ కాదని తలచుటకు అవకాశము కలదు.

2022లో మన దేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొన్నట్లు జాతీయ నేర గణాంక సంస్థ నమోదు చేసినది. వారిలో 13,044 మంది విద్యార్థులు. 2015–16లో బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వే ప్రకారము 13 నుండి 17 ఏండ్ల పిల్లలలో 7.3 శాతము మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నది. రోగమునుబట్టి 70 నుండి 92 శాతము మందికి చికిత్స అందుట లేదు. ఈ అంకెల వెనుక ఉన్నవారే శీర్షికలకు ఉత్తరములు వ్రాయువారు. ఇట్టివారికి "జవాబులు వీలువెంబడి ప్రచురింపబడును" అను సూచన చాలదు.

అచ్చగు ఉత్తరములలోను ప్రమాదము లేకపోలేదు. వయస్సు, మండలము, తండ్రి వృత్తి, అక్క పెండ్లి సంగతి — ఈ నాలుగు చాలును, ఊరివారు వ్రాసినవారిని గుర్తుపట్టుటకు. వైద్యుని వద్దకు పోయిన రోగి వివరములు గోప్యముగా నుండవలెనని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము హక్కు ఇచ్చినది. పత్రికకు వ్రాసినవారికి సంపాదకుని వివేకమే రక్ష. అట్లే ఆత్మహత్య ప్రస్తావన వచ్చినప్పుడు పద్ధతులను వివరించుట ఎంత హానికరమో వియన్నా నగరపు అనుభవము చెప్పుచున్నది. అక్కడ భూగర్భ రైలు మార్గములో జరుగు ఆత్మహత్యలను పత్రికలు ఆర్భాటముగా ప్రకటించెడివి. 1987 మధ్యలో నిపుణులు మార్గదర్శకములు ఇయ్యగా పత్రికలు వాటిని పాటించినవి. ఆ మార్గములో ఆత్మహత్యలు గణనీయముగా తగ్గినవి. మన దేశపు ప్రెస్ కౌన్సిల్ 2019లో ఇట్టి నియమములనే స్వీకరించినది. వార్తలకు వర్తించు నియమము ఉత్తరములకు వర్తింపదనుకొనుట పొరపాటు.

మంచి జవాబు ఎట్లుండవలెను

పై పరిశీలనను బట్టి మంచి శీర్షికకు కొన్ని లక్షణములు చెప్పవచ్చును. జవాబు వ్రాయువారి పేరు, విద్యార్హత స్పష్టముగా నుండవలెను. మానసిక వైద్యుడు వేరు, మనస్తత్వ నిపుణుడు వేరు, సలహాదారు వేరు. ఎవరు ఏ పనికి యోగ్యులో పాఠకునకు తెలియవలెను. జవాబులో రోగనిర్ణయము, మందు పేరు, మోతాదు ఉండరాదు. ఏ ఏ కారణములు కావచ్చునో, వాటిని వేరు చేయుటకు ఏ ప్రశ్నలు అవసరమో చెప్పవలెను. ఎక్కడకు, ఎంత త్వరగా పోవలెనో చెప్పవలెను. గుర్తుపట్టు వివరములను తీసివేయవలెను. ముద్రింపలేని ఉత్తరముల వారికొరకు, అత్యవసర సహాయము దొరకు చోటు ప్రతి సంచికలోను పెద్ద అక్షరములతో ఉండవలెను.

ఆ పదునారేండ్ల విద్యార్థికి ఇట్టి జవాబు ఎట్లుండును?

"మీరు రాసిన బాధలకు కారణాలు చాలా ఉంటాయి. కొన్ని శరీరానివి, కొన్ని మనసువి, కొన్ని మీ చుట్టూ ఉన్న పరిస్థితులవి. ఉత్తరం చూసి ఎవరూ తేల్చలేరు. నిద్ర పట్టకపోవడాన్ని పిచ్చి అనరు. మూడు నెలలు చాలా కాలం, అందుచేత ఇక ఆలస్యం చేయకండి. ఈ వారంలోనే దగ్గరి ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. మాకు రాసిన ఈ ఉత్తరాన్నే డాక్టరుగారికి చూపించండి. థైరాయిడ్, రక్తం పరీక్షలు అవసరమేమో అడగండి. నాన్నగారితో చెప్పడం కష్టమైతే ముందు అమ్మతోనో, మీరు నమ్మే మాస్టారితోనో చెప్పి వారిచేత చెప్పించండి. చదువు మానకుండానే వైద్యం చేయించుకోవచ్చునని వారు నాన్నగారికి వివరించగలరు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఏ జవాబు కోసమూ ఎదురుచూడకండి. వెంటనే 14416కు ఫోన్ చేయండి, పక్కనున్నవారికి చెప్పండి."

ఇందులో ధ్యానము లేదు, పాలు లేవు. నాన్నగారి ప్రసక్తి ఉన్నది.

పాఠశాలలో

మానసిక రోగములలో సగము 14 ఏండ్ల లోపలనే, ముప్పాతిక 24 ఏండ్ల లోపలనే పొడసూపునని 2005లో అమెరికాలో ప్రచురితమైన ఒక పెద్ద సర్వే తెల్పినది. అనగా తొలి లక్షణములు కనబడు చోటు ఉన్నత పాఠశాల. వాటిని ప్రతిదినము చూచువాడు ఉపాధ్యాయుడు. అతడు వైద్యుడు కానక్కరలేదు. కాని శీర్షిక చేయజాలని పనిని చేయగలడు: తిరిగి ప్రశ్నింపగలడు. "ఏమిరా, నెల రోజులనుంచి వెనక బెంచీలో కూర్చుంటున్నావు?" అను ఒక్క ప్రశ్న పత్రికలోని పది జవాబులకన్న మేలు. విన్నదానిని ఉపాధ్యాయుల గదిలో కథగా చెప్పకుండుట రెండవ మెట్టు. ఇంటివారితో మాట్లాడి వైద్యుని వద్దకు చేర్చుట మూడవది. ఇంటిలోనే హింస జరుగుచున్నట్లు తోచినచో ఇంటివారికి చెప్పుటకు ముందు పిల్లల సహాయ సంఖ్య 1098ని సంప్రదింపవలెను.

కొన్ని పాఠశాలలలో పేరు వ్రాయకుండ ప్రశ్నలు వేయుటకు పెట్టె ఉంచుదురు. మంచి పద్ధతియే. అయితే ఆ పెట్టె కూడ ఒక శీర్షిక వంటిదే; పై నియమములన్నియు దానికి వర్తించును. పెట్టెను ప్రతిదినము తెరవవలెను. శరీరధర్మములను గూర్చిన ప్రశ్నలకు తరగతిలో అందరికిని జవాబు చెప్పవచ్చును. ఒక్కరి బాధను తెలుపు చీటీని తరగతిలో చదువరాదు. "ఈ చీటీ వ్రాసినవారు ఎప్పుడు వచ్చినను మాట్లాడుటకు సిద్ధముగా నున్నాము, ఎవరికిని చెప్పవలసిన పనిలేదు" అని మాత్రము అందరిముందు అనవచ్చును. ప్రాణాపాయము తోచినప్పుడు రహస్యము నిలుపుట సాధ్యము కాదని మాత్రము ముందే చెప్పవలెను.

విద్యార్థులు కూడ ఒక సంగతి తెలిసికొనవలెను. ఉత్తరము వ్రాయుట తప్పు కాదు, పిరికితనము కాదు. బాధ ఎప్పుడు మొదలైనది, అప్పుడు ఏమి జరిగినది, నిద్ర, ఆకలి, చదువు ఎట్లున్నవి, వాడుచున్న మందులేమి, అన్నిటికన్న ఎక్కువ భయము దేనిని గూర్చి — ఈ వరుసలో వ్రాసిన ఉత్తరము వైద్యునకు ఎంతో విలువైనది. నోటితో చెప్పుటకు సిగ్గుపడువాడు దానిని వైద్యుని బల్లపై ఉంచిన చాలును. అదే ఉత్తరము పత్రికకు పోయినచో ఒక్క జవాబు వచ్చును, లేదా రాదు. వైద్యుని ముందుంచినచో ప్రశ్నలు వచ్చును. ఆ ప్రశ్నలే చికిత్సకు ఆరంభము.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి–మానస్ సేవకు 14416 సంఖ్యపై పగలు గాని రాత్రి గాని ఉచితముగా పిలువవచ్చును. తెలుగులో మాట్లాడువారు కలరు. ప్రతి పాఠశాల ప్రకటన ఫలకముపై, కాలపట్టిక ప్రక్కన, ఈ అయిదంకెలు వ్రాసి యుండవలెను. మనస్సును గూర్చిన శీర్షికను నడుపు ప్రతి పత్రికయు ఆ పుట అడుగున దీనిని అచ్చువేయవలెను. చోటు చాలనిచో ఒక జవాబు తగ్గించుకొనవచ్చును.